అరణి, చెకుముకి, కొలిమి : శాస్త్రదృష్టాంతముల అర్థనిర్ణయము

తెలిసిన వస్తువుచేత తెలియని విషయమును బోధించుట దృష్టాంతమునకు ప్రయోజనము. కనుకనే శాస్త్రకారులు శ్రోతకు నిత్యపరిచితమైన వస్తువునే దృష్టాంతముగా గ్రహింతురు. కాలక్రమమున ఆ వస్తువు శ్రోత కన్నులయెదుటనుండి తొలగిపోయినచో ఈ క్రమము తలక్రిందులగును. అప్పుడు దార్ష్టాంతికముకంటె దృష్టాంతమే దురవగాహమగును. అగ్నిమథనము, కమ్మరము అను రెండు విద్యలనుండి మన వాఙ్మయము గ్రహించిన దృష్టాంతములకు నేడు ఈ స్థితి కలిగినది.

వేదాంతపాఠమున వచ్చు "కూటస్థ" శబ్దమే ఇందుకు నిదర్శనము. కూటమనగా అయోఘనమనియు, అయోఘనమనగా ఇనుమును కొట్టు సుత్తియనియు నిఘంటువులు చెప్పును. పైకి లేచుచు క్రిందికి పడుచు ఎల్లప్పుడు చలించు సుత్తి నిశ్చలమైన చైతన్యమునకు ఎట్లు ఉపమానమగునని విద్యార్థి ప్రశ్నించినచో నిఘంటువు మౌనము వహించును. సమాధానము కొలిమియొద్ద దొరకును. దానిని గ్రహించుటకు ముందు అగ్నిని పుట్టించు విధానములను, పిమ్మట దానిని కమ్మరి వినియోగించు రీతిని క్రమముగా పరిశీలింపవలయును.

అరణిమథనము

ఋగ్వేద తృతీయమండలమునందలి 29వ సూక్తమునకు అగ్నిమథనమే విషయము. శమీగర్భమున పెరిగిన అశ్వత్థమునుండి అరణులను చేయవలెనని శ్రౌతసంప్రదాయము. క్రింద నుంచు దిమ్మ అధరారణి. ఉత్తరారణినుండి తీసిన ముక్క ప్రమంథము. దానిని చాత్రమను నిలువుకొయ్య అడుగున బిగింతురు. చాత్రమును పైనుండి అదిమిపట్టు అడ్డకొయ్య ఓవిలి. చాత్రమునకు చుట్టి లాగు త్రాడు నేత్రము. అరణి పొడవు 24, వెడల్పు 6, ఎత్తు 4 అంగుళములనియు, ప్రమంథము 8, చాత్రము 12, ఓవిలి 12 అంగుళములనియు కర్మప్రదీపము కొలతలు చెప్పినది. ఒకరు ఓవిలిని అదిమిపట్టగా మరియొకరు కవ్వమును త్రిప్పినట్లు నేత్రమును ఇరువైపుల లాగుదురు.

ఈ క్రియలో మొదట పుట్టునది జ్వాల కాదు. ఒరపిడిచే అధరారణి గుంటయందు కొయ్యపొడి రాలును. అది గోధుమవన్నెనుండి నల్లదనమునకు మారును, పొగ లేచును. కొంతసేపటికి ఆ నల్లనిపొడి నడుమ చిన్న కణిక ఎఱ్ఱబడును. దానిని జాగ్రత్తగా ఎండు పీచులోనికి మార్చి మెల్లగా ఊదినచో గాని మంట పుట్టదు. కఠోపనిషత్తు ద్వితీయాధ్యాయమున అరణులయందలి అగ్నిని గర్భిణులు భరించు గర్భముతో పోల్చుటలోని ఔచిత్యము ఈ క్రియను చూచినవారికి స్పష్టమగును. అగ్ని దాగియుండుట మాత్రమే సామ్యము కాదు, దానిని కాపాడి పోషింపవలసియుండుటయు సామ్యమే. శ్వేతాశ్వతరోపనిషత్తు ప్రథమాధ్యాయమున దేహమును అధరారణిగా, ప్రణవమును ఉత్తరారణిగా చెప్పి ధ్యానాభ్యాసమును మథనముగా నిరూపించినది. మథనమును నడుమ ఆపినచో పొడి చల్లారును, చేసిన శ్రమయంతయు వ్యర్థమగును. అభ్యాసము నిరంతరముగా సాగవలెనను భావము ఆ దృష్టాంతమున గర్భితమై యున్నది.

ఈ విద్య గ్రంథస్థమాత్రము కాదు. 1975లో కేరళయందలి పాంజాళ్ గ్రామమున జరిగిన అతిరాత్రమునందు అగ్నిని అరణులనుండియే మథించిరి. ఆ క్రతువును చలనచిత్రముగా తీసిరి. ఫ్రిట్స్ స్టాల్ 1983లో ప్రకటించిన "అగ్ని" అను బృహద్గ్రంథమునందు దానిని సవిస్తరముగా వర్ణించెను. గోదావరీతీరమునందలి ఆంధ్రాహితాగ్నుల జీవితములపై డేవిడ్ నైప్ 2015లో గ్రంథము ప్రకటించెను.

చెకుముకి

అరణి శ్రౌతాగ్నికి మూలము కాగా, అగ్గిపుల్ల రాకమునుపు లోకవ్యవహారమున నిప్పునకు ఆధారము చెకుముకి. దీనికి చెకుముకిరాయి, ఉక్కుతునక, సులభముగా అంటుకొను దూది అను మూడును కావలయును. రాతియందు నిప్పు దాగియున్నదనియు, దెబ్బచే అది బయటపడుననియు సామాన్యముగా తలంతురు. వాస్తవమున మండునది రాయి కాదు, ఉక్కు. పదునైన రాతియంచు ఉక్కునుండి అతిసూక్ష్మమైన రజమును గీసివేయును. ఆ రజము ఒరపిడి వేడిచే గాలియందు మండి రవ్వయగును. మెత్తని ఇనుము ఇట్టి రవ్వలను చక్కగా ఈయదు. బొగ్గుపులుసును తగినంత గ్రహించి, ఎఱ్ఱగా కాగి, నీట ముంచబడి గట్టిపడిన ఉక్కే కావలయును. ఆ ఉక్కుతునకను సిద్ధము చేయువాడు కమ్మరి. అగ్నిపై ఆధారపడి జీవించు కమ్మరియే ఇచట ఇంటింటికి అగ్నిసాధనమును ఇచ్చువాడగుచున్నాడు.

ఉక్కు అను మాటకు లోహార్థముతోపాటు బలము, శౌర్యము అను అర్థములును తెలుగున కలవు. "ఉక్కడగుట" అను నుడికారము దీనినుండి వచ్చినదే. పాశ్చాత్యులు వాడిన "వూట్జ్" అను పేరునకు దక్షిణభారతమునందలి ఈ శబ్దమే మూలమని పలువురు పండితుల మతము. జార్జి పియర్సన్ ఆ లోహముపై తన పరిశోధనను 1795లో లండన్ రాయల్ సొసైటీ పత్రికయందు ప్రకటించెను. తెలంగాణమునందలి కోనసముద్రమున జరిగిన ఉక్కు తయారీని గూర్చి వాయిసీ వ్రాసిన వివరణము 1832లో వెలువడినది. మట్టిమూసలో ఇనుమును బొగ్గుపులుసు నిచ్చు పదార్థముతో చేర్చి, మూతవేసి కాచుట ఆ విధానమునకు జీవము. శుద్ధమైన ఇనుము కరగుటకు 1538 డిగ్రీల సెంటీగ్రేడు వేడి కావలయును. బొగ్గుపులుసు చేరినకొలది ఆ మితి తగ్గును.

తిత్తి, కాగిన ఇనుపముద్ద

కమ్మరి కొలిమిలో ఇనుము కరగదు, మెత్తబడి సాగును. ఆ వేడిని పుట్టించునది తిత్తి. ఋగ్వేద దశమమండలమునందలి 72వ సూక్తము బ్రహ్మణస్పతి చేసిన సృష్టికార్యమును కర్మారుడు ఊదుటతో పోల్చినది. అమరకోశము శూద్రవర్గమున భస్త్రాశబ్దమునకు తోలుసంచి యను అర్థము నిచ్చినది. తిత్తి ఉబ్బుచు గాలిని గ్రహించును, అణగుచు విడుచును. భాగవత ద్వితీయస్కంధమున భగవద్విముఖుని శ్వాస తిత్తి ఊపిరితో పోల్చబడుటకును, హఠయోగమునందు ఒక ప్రాణాయామమునకు భస్త్రికయను పేరు కలుగుటకును ఈ ఉబ్బుట, అణగుటయే కారణము. తిత్తికి బదులు త్రిప్పుడు పంకానో విద్యుత్పంకానో మాత్రమే చూచిన విద్యార్థికి ఈ పోలిక తోచదు. పంకా గాలిని ఇచ్చును గాని ఊపిరి పీల్చదు.

కొలిమినుండి తీసిన ఇనుపముద్ద వేదాంతమున తప్తాయఃపిండ దృష్టాంతమైనది. ఇనుము కాల్చెనని లోకము వ్యవహరించును. కాల్చినది ఇనుమునందలి అగ్ని. ఆకారము ఇనుముది, దాహకత్వము అగ్నిది. ఒకదాని ధర్మము మరియొకదానియందు ఆరోపింపబడుచున్నది. చల్లారిన పిమ్మట ఇనుము ఇనుముగానే నిలుచును. చెకుముకి రవ్వ ఇట్టిది కాదు. అచట ఇనుపరజమే మండి రూపము మారిపోవును. కనుక ఎఱ్ఱని ఇనుము రెండుచోట్లను కనబడినను, అధ్యాసకు దృష్టాంతమగునది కాగిన ముద్దయే గాని రవ్వ కాదు. ఈ భేదము క్రియాపరిజ్ఞానమువలననే తెలియును.

కూటశబ్దార్థము

ఇక ప్రధానప్రశ్న. అమరకోశ నానార్థవర్గమున కూటశబ్దమునకు మాయ, నిశ్చలము, రాశి, అయోఘనము, పర్వతశిఖరము మొదలగు అర్థములు చెప్పబడినవి. శంకరభగవత్పాదులు గీత పండ్రెండవ అధ్యాయమున కూటస్థశబ్దమును వ్యాఖ్యానించుచు కూటమును మాయగా గ్రహించి దానికి అధ్యక్షుడై యుండువాడని చెప్పిరి. రాశివలె నిలిచినవాడని మరియొక అర్థమును చూపిరి. ఆఱవ అధ్యాయమున కంపింపనివాడను అర్థమును గ్రహించిరి. ఈ స్థలములందు కమ్మరి పనిముట్టు ప్రసక్తము కాదు. పంచదశి చిత్రదీపప్రకరణమునందు మాత్రము దేహద్వయమునకు అధిష్ఠానమై, కూటమువలె నిర్వికారముగా నిలిచినది కూటస్థమని నిర్వచనము కలదు. ఇచటనే అయోఘనార్థము వ్యాఖ్యానమున ప్రవేశించును.

అయోఘనశబ్దమును పాణిని మూడవ అధ్యాయము మూడవ పాదమున 82వ సూత్రముచే కరణార్థమున సాధించెను. దేనిచే ఇనుము కొట్టబడునో అది అయోఘనము. ఈ వ్యుత్పత్తిని బట్టి సుత్తియే మొదట స్ఫురించును. కాని కొలిమియొద్ద పనిని పరిశీలించినచో నిర్ణయము వేరగును. కమ్మరి ఎడమచేతి పటకారుతో కాగిన ఇనుమును పట్టి, కుడిచేతి చిన్నసుత్తితో దెబ్బపడవలసిన చోటును చూపును. ఎదుట నిలిచినవాడు సమ్మెటతో కొట్టును. ఈ దెబ్బలన్నియు పడునది దాగలిపై. దాగలి నేల పాతిన కొయ్యమొద్దున దిగగొట్టబడి కదలక యుండును. దానిపై ఇనుము ఒకప్పుడు కొడవలి, ఒకప్పుడు గొడ్డలి, ఒకప్పుడు నాగటికఱ్ఱు అగును.

పంచదశి నిర్వచనమునందు మూడు అంశములు కలవు. అధిష్ఠానమగుట, నిర్వికారమగుట, నిలిచియుండుట. సుత్తి రూపము మారదు గనుక నిర్వికారత్వము దానికిని కలదు. కాని అది నిలిచియుండునది కాదు, ఆధారమును కాదు. పర్వతశిఖరము నిలిచియుండును, నిర్వికారమును అగును. కాని దానిపై రూపభేదములు కల్పింపబడుట లేదు. మూడంశములును కూడినది దాగలి యొక్కటే. కావున ఇచట కూటమునకు దాగలి యను అర్థమే గ్రాహ్యము. ఇనుమును కొట్టు క్రియకు సుత్తివలె దాగలియు అనివార్యసాధనము గనుక అయోఘనశబ్దమును లక్షణచే దానికి అన్వయింపవచ్చును. ఏండ్లతరబడి దెబ్బలు తినిన దాగలి ముఖము కొంత అరుగునుగదా యని ఆక్షేపింపరాదు. దృష్టాంతమున సర్వసామ్యము అపేక్షితము కాదు.

ఉపసంహారము

కర్మాగారములలో తయారైన కొడవళ్లు, గొడ్డళ్లు అంగళ్లకు వచ్చిన పిమ్మట పల్లెలలో అనేక కొలిములు చల్లారినవి. కొలిమితో పాటు తిత్తి, దాగలి, సమ్మెట అను మాటలును వాడుకనుండి తొలగుచున్నవి. ఇది వృత్తికారులకు జీవనభృతి నష్టము. విద్యాలోకమునకు వ్యాఖ్యానసాధన నష్టము. నిఘంటువు ఒక శబ్దమునకు పెక్కు అర్థములను ఇచ్చును. అందు ప్రకృతమునకు తగినదానిని నిర్ణయించునది వస్తుపరిచయము. ప్రాచ్యకళాశాలల విద్యార్థులు తమ ప్రాంతములందు మిగిలిన కొలిములకు పోయి, పనిముట్ల పేర్లను, కొలతలను, వాడు విధమును కమ్మరుల నోటనే విని వ్రాసికొనుట పాఠ్యక్రమమున భాగము కావలయును. పంచదశి పాఠమునకు కూర్చుండుటకు ముందు విద్యార్థి ఒక్కసారి దాగలిపై దెబ్బపడుట చూచినచో, అధిష్ఠానశబ్దమునకు వేరు వివరణము అక్కఱలేదు.