ముందద్దం మార్చే ముందు

హైవే మీద ముందు వెళ్తున్న టిప్పర్ చక్రం కింద నుంచి ఒక కంకరరాయి ఎగిరి వస్తుంది. టక్‌మని చప్పుడు, అద్దం మీద చిన్న మచ్చ. ఎండలో ఆపిన బండి ఎక్కి ఏసీ పెంచి రెండు రోజులు తిరిగేసరికి ఆ మచ్చలోంచి గీత ఒకటి బయల్దేరి డ్రైవరు కళ్లెదుటి దాకా పాకుతుంది. అప్పుడు విజయవాడ ఆటోనగర్‌కు వెళ్లినా, ఊళ్లోని షోరూమ్‌కు వెళ్లినా ఎదురయ్యే ప్రశ్న ఒకటే: కంపెనీ గ్లాసు వెయ్యమంటారా, బయటిది వెయ్యమంటారా?

రెండింటి ధరల మధ్య తేడా చాలా మోడళ్లకు వేల రూపాయల్లోనే ఉంటుంది. అందుకే కొందరు ధర చూసి, కొందరు భయపడి జవాబు చెప్పేస్తారు. నా అభిప్రాయం ముందే చెబుతాను. అద్దం వెనక కెమెరా లేని మామూలు కారుకు, పేరున్న గాజు కంపెనీ చేసిన బయటి అద్దాన్ని నిశ్చింతగా వేయించుకోవచ్చు. కెమెరా ఉన్న కారుకు కంపెనీదే వేయించాలి. ఏది వేయించినా, అద్దం ఎంపిక మీద పెట్టే శ్రద్ధకు రెట్టింపు శ్రద్ధ దాన్ని అతికించే పని మీద పెట్టాలి.

ముందద్దం ఒకే పలకలా కనిపిస్తుంది గాని, అందులో మూడు పొరలున్నాయి. ఒక్కొక్కటి సుమారు 2 మిల్లీమీటర్ల మందమున్న రెండు గాజు పలకలు, వాటి నడుమ 0.76 మిల్లీమీటర్ల పాలీవినైల్ బ్యుటిరాల్ పొర. దీన్నే పీవీబీ అంటారు. సాగే గుణమున్న పారదర్శకమైన ప్లాస్టిక్ ఇది. రాయి తగిలితే గాజు పగులుతుంది గాని పెంకులు ఈ పొరను వదిలిపెట్టవు. ప్రమాదంలో తల వెళ్లి అద్దానికి కొట్టుకున్నా పొర సాగి ఆ దెబ్బను కొంత తనలోకి తీసుకుంటుంది, మనిషిని బయటికి విసిరేయనివ్వదు. పక్క అద్దాల పద్ధతి వేరు. వాటిని 600 డిగ్రీల సెల్సియస్ పైన కాల్చి, గాలి ఊది ఒక్కసారిగా చల్లారుస్తారు. పగిలితే మొద్దు అంచుల చిన్న ముక్కలుగా రాలిపోతాయి. పాత తరం బండ్లలో ముందద్దం కూడా ఈ రకందే ఉండేది. రాయి తగిలితే అద్దమంతా ఒక్క క్షణంలో తెల్లబడి రోడ్డు కనిపించకుండా పోయేది. నేటి మన మోటారు వాహన నిబంధనల ప్రకారం ముందద్దం పొరల గాజుతోనే ఉండాలి.

ఈ పొరల గాజుకు ఆద్యుడు ఎడ్వర్డ్ బెనెడిక్టస్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త. 1903లో ఆయన ప్రయోగశాలలో ఒక గాజు సీసా పైనుంచి కింద పడింది. పగిలింది గాని ముక్కలు చెదరలేదు. లోపల ఎప్పుడో ఆరిపోయిన సెల్యులోజ్ నైట్రేట్ పొర వాటిని పట్టి ఉంచింది. 1909లో ఆయన పేటెంటు తీసుకున్నాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో విషవాయువు ముసుగుల కళ్లద్దాలకు ఈ గాజే వాడారు. అయితే సెల్యులోజ్ పొర ఎండకు పసుపురంగుకు తిరిగేది. 1930ల చివర్లో పీవీబీ వచ్చాకే ఆ బాధ తీరింది.

తయారీ తీరు తెలిస్తే 'కంపెనీ గ్లాసు' అన్న మాట వెనకున్న సంగతి కూడా తెలుస్తుంది. కార్ల కంపెనీలు సాధారణంగా అద్దాలు తయారు చేయవు, కొంటాయి. మన దేశంలో అసాహీ ఇండియా, సెయింట్ గోబెన్ సెక్యూరిట్ వంటి సంస్థలు వాటికి సరఫరా చేస్తాయి. ఇవే సంస్థలు మరమ్మతు మార్కెట్‌కూ అద్దాలు అమ్ముతాయి. ఒకే తయారీదారు గాజు కారు కంపెనీ గుర్తుతో ఒక పెట్టెలో, ఆ గుర్తు లేకుండా మరో పెట్టెలో రావచ్చు. ఇంకోవైపు, కార్ల కంపెనీలకు ఎన్నడూ సరఫరా చేయని చిన్న తయారీదారులూ ఉన్నారు. 'బయటి గ్లాసు' అన్న ఒక్క మాట ఈ ఇద్దరికీ వర్తిస్తుంది. అయోమయమంతా ఇక్కడే పుడుతోంది.

గాజు పలక నాణ్యతలో ఇప్పుడు పెద్ద తేడా రాదు. 1950లలో ఇంగ్లండులో అలస్టెయిర్ పిల్కింగ్టన్ బృందం కరిగిన తగరం మీద కరిగిన గాజును తేలించి చదునైన పలకలు తీసే పద్ధతిని రూపొందించింది. నేడు ప్రపంచమంతా అదే వాడుతోంది. తేడా వచ్చేది ఆ పలకను వంచే దగ్గర. రెండు పలకలనూ కొలిమిలో మెత్తబరిచి కారు ముఖానికి సరిపోయేలా వంచుతారు. ఆ వంపు రెండింటికీ అచ్చంగా ఒకేలా రావాలి. నడుమ పొర పెట్టి, గాలి బుడగ మిగలకుండా, వేడితోనూ ఒత్తిడితోనూ అతుకుతారు. అచ్చు అరిగినా, వేడి సమంగా అందకపోయినా ఉపరితలంలో కంటికి కనిపించని అలలు మిగిలిపోతాయి.

ముందద్దం బాగా వాలి ఉంటుంది కాబట్టి మన చూపు దాన్ని ఏటవాలుగా దాటుతుంది. నిలువు అద్దంలో లెక్కకు రాని చిన్న అల, ఏటవాలు చూపుకు పెద్ద వంకరగా కనిపిస్తుంది. రెండు పలకలూ సమాంతరంగా లేకపోతే రాత్రి పూట మరో చిక్కు వస్తుంది. ఎదురుగా వచ్చే లారీ లైటు పక్కన దాని మసక నకలు ఒకటి కనిపిస్తుంది. హైబీమ్ దించని మన రోడ్ల మీద గంటల తరబడి ఇలా నడిపితే కళ్లు త్వరగా అలసిపోతాయి. తలనొప్పికి కారణం ఏమిటో చాలామందికి తట్టదు కూడా. బిగించక ముందే దీన్ని పరీక్షించవచ్చు. అద్దాన్ని కారులో ఉండే వాలులోనే పట్టుకోమని, దానిగుండా దూరంగా ఉన్న కరెంటు స్తంభాన్నో గోడ అంచునో చూడండి. తలను మెల్లగా అటూ ఇటూ కదపండి. గీత నిటారుగా నిలవాలి. డ్రైవరు చూపు పడే మేరలో అది వంకర తిరిగితే ఆ అద్దం వద్దని చెప్పేయండి, ఎంత తక్కువకు ఇచ్చినా సరే.

అద్దం మూలన చిన్న అక్షరాల్లో ఒక ముద్ర ఉంటుంది. తయారీదారు పేరు, పొరల గాజు అని తెలిపే మాట, ఐఎస్ఐ గుర్తు, రోడ్డు వాహనాల భద్రతా గాజుకు వర్తించే ఐఎస్ 2553 అన్న సంఖ్య అందులో చూడాలి. దిగుమతి అద్దాల మీద వలయంలో 'ఇ' అక్షరం, పక్కన ఒక అంకె కూడా ఉండవచ్చు. అది ఐరోపా ప్రమాణాల ఆమోదముద్ర, అంకె ఆమోదించిన దేశాన్ని చెబుతుంది. కారు కంపెనీ గుర్తు లేకపోవడం లోపం కాదు. తయారీదారు పేరు, ప్రమాణం గుర్తు లేకపోతే మాత్రం ఆ అద్దాన్ని బండి దగ్గరికి కూడా రానివ్వకూడదు.

కొన్ని కార్ల అద్దాల్లో మరికొన్ని హంగులుంటాయి. చప్పుడు తగ్గించేందుకు నడుమ మెత్తటి పొర చేర్చిన పీవీబీ, వాన పడితే వైపర్ తిప్పే సెన్సర్ కోసం వదిలిన చోటు, వేడిని వెనక్కి పంపే పూత వంటివి. పాత అద్దంలో ఏమున్నాయో కొత్తదానిలోనూ అవే ఉండాలి. లోహపు పూత ఉన్న అద్దాల విషయంలో ఇంకొంచెం జాగ్రత్త కావాలి. ఫాస్టాగ్ రేడియో తరంగాలతో పనిచేస్తుంది, లోహం ఆ తరంగాలను అడ్డుకుంటుంది. అటువంటి అద్దాల్లో పూత లేని చిన్న కిటికీ ఒకటి వదులుతారు, ట్యాగును అక్కడే అంటించాలి.

ఇక కెమెరాలు. 2021లో వచ్చిన మహీంద్రా ఎక్స్‌యూవీ 700, మన పెనుకొండ దగ్గరి ఫ్యాక్టరీలో తయారయ్యే కియా సెల్టోస్ వంటి వాటి పై వేరియంట్లలో వెనక చూపు అద్దం దగ్గర ముందుకు చూసే కెమెరా ఉంటుంది. అడాస్ అని పిలిచే డ్రైవరు సహాయ వ్యవస్థకు ఇది కన్ను. లేన్ గీతలను, ముందు బండిని చూసి అవసరమైతే తానే బ్రేకు వేస్తుంది. కెమెరా చూసేది అద్దంగుండానే కాబట్టి అద్దం కూడా దాని లెన్సులో భాగమే అయిపోయింది. లెక్క చూడండి. కెమెరా చూపు ఒక్క డిగ్రీ పక్కకు తిరిగితే, 100 మీటర్ల దూరంలో గురి 1.75 మీటర్లు తప్పుతుంది. మన హైవే లేన్ వెడల్పు 3.5 మీటర్లు. అంటే సరిగ్గా సగం లేన్ తేడా. పక్క లేన్‌లోని లారీని మన ముందున్నదిగా పొరబడటానికి అది చాలు. కెమెరాను పట్టి ఉంచే బ్రాకెట్ అద్దానికి అతికిన తీరులో, ఆ భాగపు గాజు వంపులో వచ్చే చిన్న తేడాలే ఇలాంటి డిగ్రీలను పోగుచేస్తాయి. అందుకే ఈ కార్లకు కంపెనీ అద్దమే అంటున్నాను. అదొక్కటే చాలదు. ఏ అద్దం మార్చినా కెమెరాను మళ్లీ క్యాలిబ్రేట్ చేయాలి. కొలిచి నిలిపిన గుర్తు బోర్డుల ముందు కొన్ని కార్లకు, రోడ్డు మీద నడిపి కొన్నింటికి ఈ పని చేస్తారు. అది చేసే పరికరాలు లేని దుకాణంలో అడాస్ కారుకు అద్దం వేయించవద్దు.

అన్నిటికన్నా తక్కువ మంది పట్టించుకునేది జిగురు. ఒకప్పుడు రబ్బరు బీడింగుతో బిగించే అద్దాన్ని ఇప్పుడు పాలీయురేథేన్ జిగురుతో బాడీకి అతికిస్తారు. దాంతో అద్దం కారు గట్టిదనంలో భాగమైంది, బండి పల్టీ కొడితే పైకప్పు నలిగిపోకుండా ఆపడంలో దానికీ వాటా ఉంది. చాలా కార్లలో ముందు సీటు ప్రయాణికుడి ఎయిర్‌బ్యాగ్ డ్యాష్‌బోర్డు పైనుంచి లేచి, అద్దాన్ని ఆనుకునే మనిషి వైపు తిరుగుతుంది. 2021 నుంచి మన కొత్త కార్లలో ఈ బ్యాగు తప్పనిసరి. అతుకు బలంగా లేకపోతే అద్దం ఊడి, బ్యాగు బయటివైపు పోతుంది. కాపాడవలసిన క్షణంలో కాపాడదు. అత్యంత ఖరీదైన ఒరిజినల్ గ్లాసు వేసినా ఫలితం అదే.

మంచి పనివాడు పాత జిగురును పూర్తిగా గీకేయడు. ఒకటి రెండు మిల్లీమీటర్ల పొరను చదునుగా కోసి ఉంచి దాని మీదే కొత్తది వేస్తాడు. రేకు మీద గీత పడితే ప్రైమర్ పూస్తాడు, లేదంటే అక్కడ తుప్పు పట్టి అతుకు వదిలేస్తుంది. అద్దం అంచున కనిపించే నల్ల పట్టీని వట్టి చేతులతో ముట్టడు. ఆ పట్టీ అందానికి పెట్టింది కాదు, ఎండలోని అతినీలలోహిత కిరణాలు జిగురును తినేయకుండా కాపాడుతుంది. ఈ జిగురు గాలిలోని తేమను పీల్చుకుని గట్టిపడుతుంది. కాకినాడ గాలిలో త్వరగా, చలికాలపు పొడిగాలిలో నెమ్మదిగా. బండి ఎంతసేపటికి తీయవచ్చో ట్యూబు తయారీదారు నిర్దేశిస్తాడు. ఆ సమయం అడిగి తెలుసుకోండి, తొందరపెట్టవద్దు. మొదటి రోజు తలుపులు గట్టిగా వేయకుండా, కిటికీ కొంచెం దించి ఉంచితే లోపలి గాలి ఒత్తిడి తాజా అతుకును నెట్టదు.

అసలు మార్చే అవసరమే రాకుండా చూసుకోవచ్చు కూడా. పగులు కొన దగ్గర ఒత్తిడి ఎన్నో రెట్లు పోగవుతుందని, గాజు విరగడానికి చిన్న చిన్న పగుళ్లే కారణమని 1920లో ఎ.ఎ. గ్రిఫిత్ అనే ఇంగ్లండు ఇంజినీరు వివరించాడు. ఎండకు కాగిన అద్దం లోపలివైపు ఏసీ చల్లగాలి తగిలితే ఆ ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. నీటి అణువులు పగులు కొనలోని సిలికాన్–ఆక్సిజన్ బంధాలను తెంచుతాయి కాబట్టి వానాకాలంలోనూ గీత పాకుతుంది. రాయి తగిలిన వెంటనే ఆ మచ్చ మీద పారదర్శకమైన టేపు అంటించి, తడీ దుమ్మూ చేరకముందే రెజిన్ నింపించండి. కాంతిని దాదాపు గాజులాగే వంచే రెజిన్ అది, మచ్చ చాలావరకు కనిపించకుండా పోతుంది. డ్రైవరు కళ్లెదుట, అంచుల దగ్గర ఉన్న దెబ్బలకు మాత్రం ఈ మరమ్మతు పనికిరాదు.

ఖర్చు సంగతికొస్తే, మన మోటారు బీమా నియమాల్లో గాజు భాగాలకు తరుగుదల కోత సున్నా. థర్డ్ పార్టీ ఒక్కటే కాకుండా పూర్తి పాలసీ ఉన్నవారికి అద్దం ధర దాదాపు అంతా వస్తుంది, తప్పనిసరిగా భరించాల్సిన వెయ్యో రెండు వేలో మినహాయించి. అందుకని షోరూమ్ వాళ్లు చెప్పగానే క్లెయిమ్ కాగితం మీద సంతకం పెట్టవద్దు. క్లెయిమ్ లేని ఏళ్లకు 20 శాతం నుంచి 50 శాతం దాకా పెరుగుతూ వచ్చే నో క్లెయిమ్ బోనస్ దానితో పోవచ్చు. రాబోయే ప్రీమియంలో ఎంత నష్టపోతారో, బయటి మంచి అద్దం ఎంతకు వస్తుందో రెండూ పక్కపక్కన రాసి చూడండి. మామూలు హ్యాచ్‌బ్యాక్‌కు తరచూ రెండోదే లాభం. పాత అద్దం మీది ఫాస్టాగ్ పీకితే పాడవుతుంది కాబట్టి, కొత్త ట్యాగు కోసం బ్యాంకుకు ముందే దరఖాస్తు పెట్టుకోండి.