నిద్రకీ లెక్కుంది: 1200 కిలోమీటర్ల సైకిల్ విశేషాలు

పారిస్ దగ్గర బయల్దేరి, ఫ్రాన్స్ పడమటి కొసన సముద్రపు ఒడ్డున ఉన్న బ్రెస్ట్ దాకా సైకిల్ మీద వెళ్లి, మళ్లీ వెనక్కి రావాలి. దూరం దాదాపు 1200 కిలోమీటర్లు, గడువు 90 గంటలు. తిండి, నిద్ర, పంక్చర్లు, దారి తప్పడాలు అన్నీ ఆ గడువులోనే. పారిస్–బ్రెస్ట్–పారిస్ అనే ఈ సవాలు నాలుగేళ్లకోసారి ఆగస్టులో వస్తుంది. చాలామంది ఆదివారం సాయంత్రమే బయల్దేరతారు కాబట్టి మొదటి రాత్రే జాగారం. దీనికి సిద్ధపడేవాళ్లని కదిపి చూడండి. కాళ్ల సంగతి ఒక్క ముక్కలో తేల్చేసి నిద్ర గురించి, కడుపు గురించి, సీటు గురించి గంటలు మాట్లాడతారు.

మొదటిసారి ఇది జరిగింది 1891లో, పందెంగా. 'లె పెతి జుర్నాల్' పత్రిక తరఫున పియర్ జిఫార్ నడిపించాడు. ఫ్రాన్స్ మగవాళ్లకే ప్రవేశం. దారిలో సైకిల్ మార్చకుండా ప్రతి బండికీ సీలు వేశారు. గెలిచిన షార్ల్ తెరాంకి 71 గంటల 22 నిమిషాలు పట్టింది. ముందున్న జియెల్ లవాల్ మూడో రాత్రి ఓ కునుకు తీస్తుంటే, తెరాం ఆగకుండా దాటిపోయాడు. అలా తొలి పందెమే నిద్ర దగ్గర తేలింది.

ఆ పందెం ఎంత కఠినమంటే, తర్వాత దాన్ని పదేళ్లకోసారే పెట్టారు. 1901లో గెలిచిన మోరీస్ గారాం రెండేళ్లకి మొట్టమొదటి టూర్ డి ఫ్రాన్స్ కూడా గెలిచాడు. 1931 విజేత, ఆస్ట్రేలియాకి చెందిన హ్యూబర్ట్ ఆపర్‌మన్ ఆ తర్వాత తన దేశంలో కేంద్రమంత్రి అయ్యాడు. వృత్తి సైక్లిస్టుల పందెం 1951తో ఆగిపోయింది. మామూలు మనుషుల సవాలు మాత్రం నేటికీ నడుస్తోంది.

ఫ్రాన్స్ బేకరీల్లో 'పారిస్–బ్రెస్ట్' అని ఒక మిఠాయి దొరుకుతుంది. ఈ పందెం పేరు మీద 1910లో లూయీ దురాం చేసిందే అది. చక్రంలా గుండ్రంగా, మధ్యలో క్రీముతో ఉంటుంది.

డబ్బు కట్టి నేరుగా బరిలోకి దిగుతామంటే కుదరదు. సవాలు జరిగే ఏడాదే 200, 300, 400, 600 కిలోమీటర్ల బ్రెవేలు, అంటే గడువులోగా ముగించాల్సిన సవారీలు, నాలుగూ పూర్తిచేసి ఉండాలి. గడువులు వరసగా పదమూడున్నర, 20, 27, 40 గంటలు. మూడొందలు దాటాక రాత్రి తొక్కడం దాదాపు తప్పదు. హైదరాబాద్‌లో కూడా ఈ బ్రెవేలు జరుగుతాయి. మన దగ్గర పూర్తిచేసిన సవారీకి కూడా పారిస్‌లో 1904లో పుట్టిన ఆడాక్స్ క్లబ్ పరిజియన్ ఒక నంబరు వేసి రికార్డుల్లోకి ఎక్కిస్తుంది. ఈ రికార్డులో ఫస్టూ సెకండూ ఉండవు.

ఇక్కడ మరీ వేగంగా వెళ్లినా తప్పే! దారిలో సైక్లిస్టుల కార్డు మీద ముద్ర వేసే తనిఖీ కేంద్రాల్ని కంట్రోళ్లు అంటారు. ఒక్కో కంట్రోల్‌కి తెరిచే సమయం, మూసే సమయం ఉంటాయి. మొదటి 200 కిలోమీటర్లకి సగటున గంటకి 34 కిలోమీటర్ల వేగాన్ని లెక్కవేసి తెరిచే సమయం పెడతారు. అంతకంటే ముందే వస్తే కార్డు మీద ముద్ర పడదు, ఆగాల్సిందే. నెమ్మదివాళ్లకి గంటకి 15 కిలోమీటర్లు చాలు, ఆగిన సమయంతో కలిపి. చెప్పకుండా పెట్టే రహస్య కంట్రోళ్లు కూడా ఉంటాయి, అడ్డదారి తొక్కేవాళ్ల కోసం.

ఇక నిద్ర. తెల్లవారుజామున మూడు నుంచి ఐదు దాకా ఒంటి వేడి బాగా తగ్గిపోయే వేళ. ఎంత బలవంతుడికైనా అప్పుడే కళ్లు మూతలు పడతాయి. అనుభవజ్ఞులు వాడే కిటుకు ఒకటుంది: కాఫీ తాగి వెంటనే పడుకోవడం. వినడానికి తలకిందులుగా ఉంటుంది కానీ కెఫీన్ పనిచేయడానికి ఎలాగూ ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది. ఇరవై నిమిషాల కునుకు పూర్తయ్యేసరికి అదీ అందుకుంటుంది. గాఢనిద్రలోకి జారకముందే లేస్తారు కాబట్టి మత్తు ఉండదు. దారిలోని లూదెయాక్ అనే ఊరి కంట్రోల్‌లో డబ్బు కట్టి పరుపు తీసుకోవచ్చు, ఎన్నింటికి లేపాలో చెబితే వలంటీర్లే వచ్చి తట్టి లేపుతారు. పరుపు అందనివాళ్లు రోడ్డు పక్క గడ్డిలో, వెండిరేకులాంటి దుప్పటి చుట్టుకుని పడుకుంటారు. ఆగస్టే కదా అనుకోవద్దు. ఆ ప్రాంతంలో రాత్రిళ్లు పది డిగ్రీల లోపుకి పడిపోతుంది.

నిద్ర మానేస్తే ఏమవుతుందో మైకేల్ షెర్మర్ అనే సైక్లిస్టు చెబుతాడు. అమెరికాని ఈ చివర నుంచి ఆ చివరకి దాటే పందెంలో, 1983లో, రోజుల తరబడి నిద్రలేక తన వెంట వస్తున్న సొంత సహాయకుల్నే గ్రహాంతరవాసులనుకున్నాడు. ఆ పందెంలోనే అతని మెడ కండరాలు పూర్తిగా చచ్చుబడి తల నిలబడటం మానేసింది. ఇప్పటికీ ఆ బాధని సైక్లిస్టులు 'షెర్మర్ నెక్' అంటారు. తర్వాత అతను మూఢనమ్మకాల్ని ప్రశ్నించే 'స్కెప్టిక్' పత్రిక సంపాదకుడయ్యాడు, ఏలియన్లని కళ్లారా చూశాకే మరి!

కడుపుకి కూడా తర్ఫీదు ఇవ్వాలి. కండరాల్లో, కాలేయంలో దాచుకున్న పిండిపదార్థం గట్టిగా తొక్కితే రెండు గంటలకి మించి రాదు. తర్వాత గంట గంటకీ లోపల పడుతూనే ఉండాలి. గంటకి సుమారు 60 గ్రాముల పిండిపదార్థం అరుగుతుంది, అంటే రెండు అరటిపళ్లు, పైన కొంచెం. నాలుగో గంటకే తీపంటే మొహం మొత్తుతుంది. మనవాళ్లకి ఇడ్లీ, పెరుగన్నం, ఉప్పేసిన మజ్జిగ ఉండగా బెంగెందుకు? ఒట్టి నీళ్లే లీటర్లకొద్దీ తాగితే రక్తంలో ఉప్పు పల్చబడి కళ్లు తిరుగుతాయి, ఒక్కోసారి ప్రాణం మీదికీ వస్తుంది. అర్ధరాత్రి హైవే ధాబాలో మిరపకాయ బజ్జీ మాత్రం వద్దని నా గట్టి సలహా.

ప్యాడ్ ఉన్న సైక్లింగ్ షార్ట్స్ కింద లోదుస్తులు వేసుకోకూడదు. ఇది కొత్తవాళ్లలో చాలామందికి తెలియదు, అడగడానికి సిగ్గు. లోదుస్తు కుట్టు మూడొందల కిలోమీటర్లు ఒరుసుకుంటే పుండు పడుతుంది, దాంతో సవారీ అక్కడే సరి. చేతులదీ ఇంకో కథ. హ్యాండిల్ మీద అరచేయి గంటలకొద్దీ నొక్కుకుపోతే అల్నార్ నరం దెబ్బతిని ఉంగరం వేలు, చిటికెన వేలు మొద్దుబారతాయి. ఇంటికొచ్చాక వారాలపాటు చొక్కా బొత్తాలు పెట్టుకోలేనివాళ్లున్నారు. దీనికి మందు ముందే ఉంది: మందపాటి గ్లవ్స్, మాటిమాటికీ చెయ్యి మార్చి పట్టుకోవడం.

దీపం లేని సైకిల్‌ని రాత్రి వదలరు, రిఫ్లెక్టర్ జాకెట్ కూడా తప్పనిసరి. చాలామంది ముందు చక్రం ఇరుసులోనే డైనమో పెట్టించుకుంటారు. 3 వాట్లే ఇస్తుంది, నేటి ఎల్ఈడీ దీపాలకి అది చాలు. తెల్లార్లూ చార్జింగ్ గొడవ ఉండదు.

ఎంత సిద్ధపడ్డా వాన మన చేతిలో ఉండదు. 2007లో కుండపోత వానకి బయల్దేరినవాళ్లలో దాదాపు ముప్పై శాతం మంది మధ్యలో మానుకున్నారు. అలాంటి రాత్రుల్లోనే పల్లెలవాళ్లు ఇళ్ల ముందు బల్లలు వేసి, ముఖం తెలియని సైక్లిస్టులకి కాఫీ పోస్తారు. లా తానియేర్ అనే ఊళ్లో ఒక కుటుంబం కాఫీ, క్రేప్ అట్లు ఉచితంగా పెట్టి, ఇంటికెళ్లాక ఒక పోస్ట్‌కార్డు రాయమని మాత్రమే అడుగుతుంది.

వచ్చే సవాలు 2027లో. ముందు ఏడాది, అంటే 2026లో, ఎంత పొడవైన బ్రెవే పూర్తిచేసి ఉంటే పేరు నమోదుకి అంత ముందుగా అవకాశమిస్తారు. వెళ్లాలనుంటే 200తో మొదలుపెట్టండి.