రక్తపు పోటు: చేతిఫోను చేయగల సాయము

వ్యవసాయదారునకు గడువు యొక్క విలువను వేఱుగ బోధింపనక్కఱలేదు. అదను దాటిన పిదప వేసిన విత్తు ఎట్లు పండునో, వాయిదా దాటిన అప్పునకు వడ్డీ ఎట్లు పెరుగునో ఎఱుగనివాడు మన సంఘములో లేడు. అదను తప్పిన చేను కొలదిదినములకే పాలిపోయి ఆ సంగతిని చాటును. వాయిదా తప్పినవానికి నోటీసు వచ్చును. కాని గడువు తప్పినను ఏ నోటీసును పంపక, ఏండ్ల తరబడి మౌనముగ నుండి, తుదకు అసలు వడ్డీలను ఒక్కనాడే వసూలుచేయు బాకీ యొకటి కలదు. అదియే రక్తపు పోటు; జనులు బి.పి. యందురు. ఈ బాకీ విషయమున చేతిఫోను మనకెంతవఱకు సాయపడునో, ఎచ్చట సాయపడజాలదో ఈ నెల విచారింతము.

గుండె రక్తమును నెట్టునపుడు రక్తనాళముల గోడలపై పడు ఒత్తిడినే రక్తపు పోటు అందురు. యంత్రముపై రెండంకెలు కనబడును. పై అంకె గుండె ముడుచుకొనినప్పటిది. క్రింది అంకె సడలినప్పటిది. వేఱువేఱు దినములలో చూచినను పైది 140గాని, క్రిందిది 90గాని, అంతకు మించిగాని యున్నచో పోటు హెచ్చినదని వైద్యులు నిర్ణయింతురు. దీనికి సాధారణముగ నొప్పి లేదు, జ్వరము లేదు, ఆకలి మందగించుట లేదు. మనిషి ఎప్పటివలెనే పొలమునకు పోవుచుండును. లోపల మాత్రము మెదడు, గుండె, మూత్రపిండములు నానాటికి చెడుచుండును. పక్షవాతముతో కుడిచేయి పడిపోయిననాడు ఆ యింటివారు కోల్పోవునది ఒక చేయి మాత్రమే కాదు. ఆ యేటి సేద్యము, ఆస్పత్రి ఖర్చులకై కుదువబెట్టిన బంగారము, రోగిని కనిపెట్టుకొనియుండుటకై కూలి మానిన మఱియొకరి సంపాదనయు దానివెంటనే పోవును.

ఇది పట్టణవాసుల వ్యాధి యనియు, ఒళ్లు వంచి పనిచేయువారికి రాదనియు కొందఱి నమ్మకము. ఆ నమ్మకము నిలువదు. గోదావరి ప్రాంతములోని 45 గ్రామములలో ఒక సంవత్సరకాలమున సంభవించిన 1354 మరణముల కారణములను పరిశోధకులు ఇంటింట విచారించి 2006లో ప్రకటించిరి. నూటికి 32 మరణములు గుండె, రక్తనాళముల వ్యాధులవలన కలిగినవే. ప్రమాదములు, ఆత్మహత్యలు మొదలగునవి కలిసి 13, అంటువ్యాధులు 12. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించిన లెక్క ప్రకారము 30 మొదలు 79 ఏండ్ల వయస్సు గల భారతీయులలో 18 కోట్ల 83 లక్షల మందికి ఈ పోటు కలదు.

మంచి మందులు లేక జనులు చెడుచున్నారా? కాదు. చౌకయైన గోలీలు కలవు. ప్రభుత్వ దవాఖానలలో వెల లేకయే యిత్తురు. చెడునది గడువుకడనే. మన మరిపెడ ప్రాంతమునే తీసికొందము. తండాలనుండి దవాఖానకు వచ్చుట యనగా ఒక పూట కూలి పోవుటయే. గోలీలు తెచ్చుకొనవలసిన దినము నాట్లదినమే యైనచో, మిర్చి కల్లములో నారబోసిన దినమే యైనచో, ఖమ్మము మార్కెట్టునకు బస్తాలు పోవు దినమే యైనచో, ఆగిపోవునది మిర్చియా, గోలియా? చెప్పనేల! అట్లు ఒక నెల తప్పును. ఒళ్లు తేలికగనే యుండును. ‘బాగుగనే యున్నాను గదా, ఇక గోలి యెందుకు?’ అను తలంపు కలుగును. ఒంటి నొప్పులకై దుకాణములో అడిగి మ్రింగు డైక్లోఫెనాకు, ఐబుప్రొఫేను వంటి గోలీలు పోటును మఱింత హెచ్చించును. ఈ విధముగ బాకీ పేరుకొనును.

చేతిఫోనుకు పని కలిగినది ఇచ్చటనే. 2017 నవంబరులో భారత రక్తపోటు నియంత్రణ కార్యక్రమము ప్రారంభమైనది. కేంద్ర ఆరోగ్యశాఖ, భారత వైద్య పరిశోధన మండలి, ప్రపంచ ఆరోగ్య సంస్థ, రాష్ట్ర ప్రభుత్వములు కలిసి తొలుత 5 రాష్ట్రములలోని 25 జిల్లాలలో దీనిని నడిపినవి. వానిలో తెలంగాణమొకటి. ఎవరికి ఏ గోలి ఎంత మోతాదున ఈయవలెనో తెలుపు ఒకే పద్ధతి. మందుల కొఱత రాకుండుట. వైద్యునితోపాటు నర్సులు, ఆరోగ్య కార్యకర్తలు పని పంచుకొనుట. రోగి యింటికి దగ్గఱనే సేవ లభించుట. ఎవరు వచ్చిరో, ఎవరు రాలేదో లెక్క యుంచుట: ఇవి దాని సూత్రములు.

ఈ తుది సూత్రమునకే ఫోను తోడ్పడును. పంజాబు, మహారాష్ట్రములలో ఈ కార్యక్రమమున వాడిన ‘సింపుల్’ అను ఫోను పద్ధతిని చూడుడు. రోగికి గుఱుతు ముద్రించిన చిన్న కార్డు నిత్తురు. అతడు వచ్చినపుడు నర్సు ఆ గుఱుతును ఫోనుతో చూచినంతనే అతని పాత లెక్కయంతయు కనబడును. ఆనాటి పోటును, ఇచ్చిన మందును, మరల రావలసిన తేదీని ఆమె నమోదుచేయును. తేదీ దాటినవారి జాబితా తనంతనే సిద్ధమగును. ఆమె వారికి ఫోను చేసి పిలుచును. ఇందులో మనకు క్రొత్తయేమున్నది? సంఘపు గుమాస్తా వాయిదా దాటిన ఖాతాలను వేఱుచేసి కబురు పంపుటయు ఇట్టిదే. వేలకొలది పేర్లు గల కాగితపు రిజిస్టరులో ఆ జాబితా తీయుటకు దినములు పట్టును. ఫోనులో క్షణము చాలును.

ఫలితమేమి? పంజాబు, మధ్యప్రదేశము, మహారాష్ట్రము, తెలంగాణములలోని 24 వైద్యశాలలలో 2018 జనవరినుండి 2019 జూనువఱకు చేరిన 21,895 మంది లెక్క ప్రకటింపబడినది. చేరిననాడు నూటికి 26 మందికి మాత్రమే పోటు అదుపులో నుండెను. 2019 జూలై మొదలు సెప్టెంబరువఱకు మరల వచ్చినవారిలో నూటికి దాదాపు 60 మందికి అదుపులోనికి వచ్చెను. పెద్ద ఆస్పత్రులకంటె ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలోనే వృద్ధి రెండింతలకు మించెను. పల్లెవారికి ఇది శుభవార్తయే. కాని అదే లెక్కలో మఱియొక అంకె కలదు. ఆ మూడు నెలలలో వచ్చినవారు 11,274 మంది మాత్రమే. 10,621 మంది రాలేదు. రానివారి పోటు ఎట్లున్నదో ఏ యంత్రము చెప్పగలదు?

కావున ఫోనును మంత్రదండమని భ్రమపడరాదు. పశ్చిమ గోదావరిలో 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రముల పరిధిలోని 54 గ్రామములలో ఆశా కార్యకర్తల చేతికి టాబులిచ్చి యొక పరీక్ష జరిపిరి. ఆశాలు ఇంటింటికి పోయి ఎవరికి అపాయ మెక్కువయో కనిపెట్టి వైద్యుని యొద్దకు పంపిరి. 2019లో ప్రకటింపబడిన ఫలితములను చూడగా, పోటు అదుపులోనికి వచ్చినవారి సంఖ్యలో చెప్పుకొనదగిన భేదము కనబడలేదు. ఇట్టి పద్ధతినే ఇండొనీషియాలోని మలాంగు జిల్లాలో నడపగా, అపాయమెక్కువగ నున్నవారిలో పోటు మందు వాడువారు ఆ పద్ధతి గల గ్రామములలో నూటికి 57, లేని గ్రామములలో 16 అయిరి. పోటును బాగుగ తగ్గెను. దీనినుండి మేము గ్రహించినది యేమనగా: ఫోను మఱపును తగ్గించును, పోటును తగ్గించునది కడుపులోనికి పోయిన గోలి. జాబితాకును గోలికిని నడుమ దారి తెగినచో జాబితా వట్టి జాబితాయే.

ఆ దారిని నిలుపుటలో మనవంతు పని కొంత కలదు. ఏ.ఎన్.ఎం. గాని ఆశా గాని ఇంటికి వచ్చి 30 ఏండ్లు దాటినవారిని పరీక్షింతుమన్నపుడు చేయి చాపవలెను. వారు ఫోను నంబరు అడిగినపుడు, పట్టణములో చదువుకొను కొడుకు నంబరును గాక, ఇంటిలో మ్రోగు ఫోను నంబరునే చెప్పవలెను. సిమ్ము మార్చినచో ఆ సంగతి తెలుపవలెను. నంబరు తప్పైనచో ఎంత గొప్ప యంత్రమైనను పిలువజాలదు. కూలికై వేఱు ఊళ్లకు పోవువారు కార్డును, పోయినన్ని దినములకు సరిపడు గోలీలను ముందుగనే అడిగి వెంటగొనవలెను. చదువురానివారు ఇంటి పిల్లలచే ఫోనులో నిత్యము గోలివేళకు గంట పెట్టించుకొనవచ్చును.

ఒక మోసమునుగూర్చి హెచ్చరింపవలసియున్నది. ఫోను కెమెరాపై వ్రేలుంచినంతనే పోటు చెప్పుదుమను యాప్‌లను నమ్మి మందు మానరాదు, మార్చరాదు. దండచేతికి పట్టీ చుట్టి గాలి నింపు యంత్రమే నమ్మదగినది. చూపించుకొనుటకు అరగంట ముందు చాయ, బీడీ, చుట్ట మానవలెను. అయిదు నిమిషములు వీపానించి మాటలాడక కూర్చుండవలెను. పాదములు నేలపైనను, చేయి గుండె యెత్తున బల్లపైనను ఉండవలెను.

గోలీతోపాటు ఉప్పును తగ్గించుటయు ముఖ్యము. రోజుకు అయిదు గ్రాములు, అనగా ఒక చిన్న చెంచా లోపల, చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. మన పచ్చళ్లలోని ఉప్పునుగూడ ఈ లెక్కలో చేర్చవలెను. పొగాకు, కల్లు, సారాయముల సంగతి వేఱుగ చెప్పనక్కఱలేదు. పోటు అదుపులోనికి వచ్చినచో అది గోలి పనిచేయుచున్నదనుటకే గుఱుతు, మానవచ్చుననుటకు కాదు. మూతి వంకరపోయినను, ఒక చేయి పట్టు తప్పినను, మాట తడబడినను తెల్లవాఱువఱకు ఆగక తక్షణమే 108కు ఫోను చేయవలెను. ఆ పిలుపునకు మించిన పని చేతిఫోను చేయజాలదు.

సంఘములు పూనుకొనిన మఱియొక మేలు జరుగును. ఎరువులు పంచు దినముననే, సభ్యులు ఎట్లును వరుసలో నిలుచుండు చోటనే, ఆరోగ్య ఉపకేంద్రమువారిని యంత్రముతో రమ్మని కోరవచ్చును. యూరియా బస్తాకై వచ్చినవాడు తన అంకెలను తెలిసికొని పోవును. వాయిదాలను కాపాడుకొనుట నేర్చిన మన సభ్యులు ఈ వాయిదానుగూడ అట్లే కాపాడుకొందురుగాక యని మా కోరిక.