గేరు పడలేదా? బాక్సు విప్పకండి!
పాత మిలిటరీ జీపుల జబ్బు చాలాసార్లు బయటే

అనంతపురం:
కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు వేదవతి ఒడ్డున గాలి లేచిందంటే ఇసుక పొలాల మీదకు నడిచి వస్తుంది. హగరి ఇసుక అంటే ఆ ప్రాంతంలో తెలియనివారు లేరు. మామూలు కారు అక్కడ కూరుకుపోతుంది. పాత మిలిటరీ జీపు దాటుతుంది. డ్రైవరు ముందు చక్రాల లివరు వేస్తాడు. లో గేరులో మెల్లగా లాగిస్తాడు. అవతల తారురోడ్డు ఎక్కుతాడు.

చిక్కు అక్కడే మొదలవుతుంది. మలుపులు తిరిగి నాలుగు మైళ్లు పోయాక లివరు వెనక్కి తీయబోతే రాదు. రెండు చేతులా లాగినా రాదు. కాలితో తన్నుతాడు. సుత్తి అందుకుంటాడు. చివరకు బండిని షెడ్డుకు తోలి 'గేరుబాక్సు పోయింది, విప్పండి' అంటాడు.

నిజానికి బాక్సుకు ఏమీ కాలేదు. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు వెనక చక్రాలకన్నా ఎక్కువ దూరం తిరుగుతాయి. లివరు వేసి ఉంటే ముందు షాఫ్టు, వెనక షాఫ్టు ఒకదానితో ఒకటి ముడిపడి ఒకే వేగంతో తిరగాలి. ఇసుకలో చక్రాలు కొంచెం జారి ఆ తేడాను సర్దుకుంటాయి. తారురోడ్డు మీద జారవు. ఆ తేడా అంతా షాఫ్టుల్లో, పళ్లలో మెలిక పడి నిలుస్తుంది. పళ్లు ఒకదాన్నొకటి బిగించి పట్టుకుంటాయి. ఇక లివరు ఎలా వస్తుంది?

మందు సులువు. బండిని తిన్నగా పది పదిహేను గజాలు వెనక్కి పోనిచ్చి, క్లచ్ తొక్కి లివరు తీస్తే చేతికి వచ్చేస్తుంది. అప్పటికీ రాకుంటే మిగతా చక్రాలకు రాళ్లు పెట్టి, ఒక చక్రాన్ని జాకీతో లేపాలి. మెలిక విడిపోతుంది. లేచిన చక్రం ఒక్కసారిగా తిరగవచ్చు కనుక చేయి దూరంగా ఉంచాలి. ముందు కొత్త టైర్లు, వెనక అరిగిన టైర్లు వేసి నడిపినా ఇదే బాధ.

ఈ జీపుల పుట్టుక యుద్ధంలో. 1941 నుంచి 1945 వరకు విల్లీస్, ఫోర్డు కంపెనీలు కలిసి 6 లక్షలకు పైగా తయారుచేశాయి. యుద్ధం ముగిశాక మన దేశంలో మిగిలినవి వేలంలో జనం చేతికి వచ్చాయి. 1947లో మహీంద్రా సంస్థ బొంబాయిలో విల్లీస్ జీపుల కూర్పు మొదలుపెట్టింది. తరవాత సైన్యం కోసం జబల్‌పూర్‌లో జోంగాలు తయారయ్యాయి. సైన్యం వాడి వదిలేసిన బండిని 'డిస్పోజల్ బండి' అనేవారు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల పైచిలుకు వాన మాత్రమే పడే ఈ మెట్టసీమలో రాళ్ల బాటకు, ఎండిన వంకలకు అవి సరిగ్గా సరిపోయాయి. ఇప్పుడు వాటిని ఉంచుకున్నవారు తక్కువ. విడిభాగాలు దొరకడం అంతకంటే కష్టం. అందుకే అనవసరంగా బాక్సు దించితే నష్టం కూలి డబ్బులతో పోదు. తీసేటప్పుడు ఒక పాత రింగు విరిగిందంటే, దాని జత దొరికేదాకా బండి షెడ్డులోనే ఉండిపోతుంది.

మరి జబ్బు ఎక్కడుందో తెలిసేదెలా? పాత మేస్త్రీలు చేసే మొదటి పరీక్షకు పానా కూడా అక్కర్లేదు. బండిని చదునైన చోట నిలిపి ఇంజను ఆపాలి. క్లచ్ తొక్కి గేర్లన్నీ ఒక్కొక్కటే వేసి చూడాలి. ఏదైనా పడనని మొరాయిస్తే బండిని చేత్తో అంగుళం ముందుకో వెనక్కో జరిపి మళ్లీ వేయాలి. పళ్లు ఎదురెదురుగా నిలిచి ఉంటే అలా సర్దుకుంటాయి. ఇంజను ఆగి ఉన్నప్పుడు అన్నీ సాఫీగా పడి, తిరుగుతున్నప్పుడు మాత్రం గరగరమంటే అనుమానం క్లచ్ మీద. ఆగి ఉన్నప్పుడు కూడా పడకపోతేనే అనుమానం గేరు రాడ్డు మీద, ఫోర్కుల మీద.

రెండో పరీక్ష రివర్సుతో. ఇంజను నెమ్మదిగా తిరుగుతుండగా క్లచ్ పూర్తిగా తొక్కి ఐదు లెక్కపెట్టాలి. అప్పుడు రివర్సు వేయాలి. అప్పటికీ కరకరమంటే క్లచ్ వదలడం లేదు, లోపల షాఫ్టు ఇంకా తిరుగుతోందన్నమాట.

క్లచ్ వదలకపోవడానికి కారణాలు చాలావరకు దుమ్ము తెచ్చిపెట్టేవే. పెడల్ నుంచి క్లచ్ ఫోర్కు దాకా ఉన్న కడ్డీలు, పిన్నులు గ్రీజు లేక అరిగిపోతాయి. పెడల్‌కు పై భాగంలో వేలితో నొక్కితే ఆడేటంత ఖాళీ ఉండాలి. అది అంగుళం, అంగుళంన్నర. మూడు అంగుళాలయిందంటే పెడల్ నేలకు తగిలినా క్లచ్ సగమే వదులుతుంది. ఖాళీ అసలే లేకుంటే ప్లేటు జారుతుంది, బేరింగు కాలుతుంది. గేరుబాక్సు కింది రబ్బరు దిమ్మ చితికినా ఇంజను కదిలి ఈ లెక్క తప్పుతుంది. వీటిలో వేటికీ బాక్సు దించనక్కరలేదు. క్రాంకు చివర షాఫ్టు కూర్చునే చిన్న ఇత్తడి బుష్ ఎండి పట్టేస్తే మాత్రం దించక తప్పదు. నెలల తరబడి చెట్టు కింద నిలిపిన బండిలో ప్లేటు తుప్పుతో ఫ్లైవీలుకు అంటుకుపోవడం కూడా ఉంటుంది.

ఇంకొక పొరపాటు ఈనాటి కార్లు నడిపి వచ్చిన కుర్రాళ్లది. విల్లీస్‌లో మొదటి గేరుకు సింక్రో లేదు. నడుస్తున్న బండిలో రెండు నుంచి ఒకటికి దించాలంటే డబుల్ క్లచ్ వేయాలి. న్యూట్రల్ చేసి క్లచ్ వదిలి, కాస్త రేజింగు ఇచ్చి, మళ్లీ తొక్కి వేయాలి. అలా చేయక గరగరమందని మేస్త్రీని పిలిస్తే ఆయన నవ్వుతాడు.

నవ్వులాట కానిది గేరు జారిపోవడం. కొండ దారి దిగుతుండగా, బండిలో జనం, సరుకు ఉండగా రెండో గేరు తటాలున న్యూట్రల్‌కు వచ్చిందంటే ఇంజను పట్టు పోతుంది. అంత బరువూ పాత డ్రమ్ము బ్రేకుల మీదే. కొందరు డ్రైవర్లు దీనికి రాడ్డును చేత్తో నొక్కి పట్టుకుంటారు. అలా పట్టుకుంటే లోపలి ఫోర్కు ఇంకా త్వరగా అరుగుతుంది. ముందు చూడవలసింది బాక్సును బెల్ హౌసింగ్‌కు పట్టి ఉంచే బోల్టులు. రాళ్ల బాటలో అదిరి అవి వదులైతే షాఫ్టు వరస తప్పి గేరు జారుతుంది. తరవాత పై కవరు. ఈ జీపుల్లో ఫోర్కులు, గుండు, స్ప్రింగు ఆ కవరులోనే ఉంటాయి. బాక్సు బండిలో ఉండగానే కవరు విప్పి స్ప్రింగు నీరసించిందేమో చూడవచ్చు. అవీ బాగుంటే పళ్ల మూలలు అరిగాయని అర్థం. ఇక బాక్సు దించవలసిందే. అంతదాకా ఆ బండిని దిగుడు దారికి తోలకూడదు.

దించాలో లేదో చివరి మాట చెప్పేది ఆయిలు. వంకలో హఠాత్తుగా నీళ్లు వచ్చినప్పుడు దాటిన బండికి ఆయిలు మజ్జిగలా మారుతుంది. అప్పుడు వెంటనే మార్చాలి. గేరుబాక్సులో ఆయిలు తగ్గి ట్రాన్స్‌ఫర్ కేసులో పెరిగితే మధ్య సీలు పోయింది. జీఎల్-5 రకం ఆయిళ్లలో కొన్ని ఇత్తడి రింగులకు పడవు. డబ్బా మీద ఆ అక్షరాలు చూసి కొనాలి. పాత ఆయిలును తెల్లటి పళ్లెంలోకి దించి ఎండలో పెట్టి చూడండి. పసుపు మెరుపు తేలితే సింక్రో రింగు అరుగుతోంది. అయస్కాంతానికి ముక్కలు అంటుకుంటే పన్నో బేరింగో విరిగింది. సన్నని బూడిదరంగు పొడి తప్ప ఏమీ లేకుంటే కొత్త ఆయిలు పోసి, క్లచ్ పిన్నులకు గ్రీజు పెట్టించి, బండిని ఇంటికి తోలుకుపోవచ్చు.