ఎల్లమీది దేశము ఏ ఖండమునకు చెందును?

గడచిన విద్యాసంవత్సరములో మన పాఠశాల ఎనిమిదవ తరగతి విద్యార్థి యొకడు పొరుగూరిలో జరిగిన సామాన్యజ్ఞాన పోటీలో పాల్గొనెను. టర్కీ ఏ ఖండమునకు చెందిన దేశమని అందొక ప్రశ్న. ఆ బాలుడు “ఆసియా, ఐరోపా రెంటికిని” అని వ్రాసెను. నిర్ణేతల చేతిలోని పట్టీలో “ఆసియా” అని మాత్రమే యున్నందున వానికి ఆ మార్కు రాలేదు. ఆ ఒక్క మార్కుతోనే బహుమతియు తప్పిపోయెను. మరునాడు వాని తండ్రి తోళ్ళ కార్ఖానాలో అరపూట సెలవు పెట్టి వచ్చి, ఆ జవాబు కాగితమును మా బల్లమీద నుంచి, “అయ్యా, మావాడు రాసింది తప్పా, ఒప్పా? తప్పయితే దిద్దండి. ఒప్పయితే ఆ మాట మీరే వాడికి చెప్పండి” అని అడిగెను.

ఒక్క మాటలో చెప్పదగిన జవాబు మావద్ద లేకపోయెను. తరువాత మరికొందరు తలిదండ్రులును ఈ సంగతియే అడిగిరి. కావున ఈ సంచికలో కొంత విపులముగా వ్రాయుచున్నాము.

ఖండమనగా చుట్టును సముద్రమున్న పెద్ద భూభాగమని చిన్న తరగతులలో చెప్పుచున్నాము. ఆస్ట్రేలియాకును అంటార్కిటికాకును ఈ లక్షణము చక్కగా సరిపోవును. ఆసియా, ఐరోపాల కడకు వచ్చునప్పటికి ఉపాధ్యాయుడు పటము ముందర కొంచెము తడబడక తప్పదు. వాటి నడుమ సముద్రము లేదు. ఉత్తరపు దారిని పట్టి పోయినవాడు పోర్చుగల్ తీరమునుండి చైనా తీరము వరకు సముద్రము దాటకయే చేరవచ్చును. మరి రెండు ఖండములెట్లాయెను?

ఈ పేర్లు పెట్టినవారు ప్రాచీన గ్రీకులు. వారు ఓడలమీద తిరిగినవారు. ఏజియన్ సముద్రపు పడమటి ఒడ్డున కొక పేరు, తూర్పు ఒడ్డున కొక పేరు పెట్టుకొనిరి. డార్డనెల్స్, బాస్ఫరస్ జలసంధులను దాటి నల్లసముద్రమున ప్రవేశించువరకు ఈ విభజన సుఖముగా సాగెను. ఆ సముద్రపు ఆవలి గట్టు చేరిన పిమ్మట చిక్కు వచ్చెను. కొందరు ఫాసిస్ నదిని, అనగా నేటి జార్జియా దేశములోని రియోని నదిని, ఎల్ల యనిరి. కొందరు డాన్ నదిని ఎల్ల యనిరి. క్రీస్తునకు పూర్వము 5వ శతాబ్దిలోనే హెరొడోటస్ అను చరిత్రకారుడు, ఒక్కటే భూమికి మూడు పేర్లేల వచ్చెనో, అవియును స్త్రీల పేర్లేల యాయెనో, ఈ నదులను ఎల్లలుగా నిర్ణయించిన వారెవరో తనకు బోధపడలేదని వ్రాసిపెట్టెను. మన విద్యార్థికి కలిగిన సందేహము సుమారు 2,400 ఏండ్లకు ముందే ఒక మహాపండితునికి కలిగినదన్న మాట.

డాన్ నదిని ఒప్పుకొన్నను పని తీరదు. ఆ నది పుట్టుచోటు మాస్కో నగరమునకు దక్షిణముననే యున్నది. అచ్చటినుండి ఉత్తరసముద్రము వరకు ఎల్ల ఏది? రష్యాచక్రవర్తి పీటరు తన దేశమును ఐరోపా రాజ్యముగా నిలుపవలెనని పూనిన కాలములో ఈ ప్రశ్న పెద్దదాయెను. 1709లో జరిగిన పోల్టావా యుద్ధానంతరము రష్యనులకు బందీయై సైబీరియాలో కాలము గడపిన స్ట్రాలెన్‌బర్గ్ అను స్వీడను సేనాని, 1730లో ప్రకటించిన గ్రంథములో ఉరల్ పర్వతములను ఎల్లగా చూపెను. ఆ సూచన తనదేయని తతీష్చెవ్ అను రష్యా పండితుడు చెప్పుకొనెను. ఎవరిదైనను, నేడు మన పాఠ్యపుస్తకములలోని గీత ఆ నాటిది. ఆ పర్వతములు ఏమంత ఎత్తైనవియుఁ గావు. ఉరల్ శ్రేణిలో మిక్కిలి పెద్ద శిఖరము 1,895 మీటర్లు. మన నీలగిరులలోని దొడ్డబెట్ట 2,637 మీటర్లు. ఊటీ పోయి వచ్చిన పిల్లలు అంతకంటె గొప్ప కొండనే చూచియున్నారు.

దక్షిణమున కాకసస్ ప్రాంతమునకు వచ్చినచో గీత రెండుగా చీలును. కొందరు పర్వతముల శిఖరరేఖను ఎల్ల యందురు. కొందరు అంతకు ఉత్తరమున నున్న కుమా, మానిచ్ నదుల పల్లపు నేలను ఎల్ల యందురు. ఎల్‌బ్రస్ శిఖరము ఈ రెండు గీతల నడుమ నున్నది. మొదటి గీతను పట్టినచో 5,642 మీటర్ల ఎల్‌బ్రస్ ఐరోపాలోకెల్ల ఎత్తైన శిఖరము. రెండవదానిని పట్టినచో అది ఆసియాలోనికి పోయి, ఆల్ప్స్ పర్వతములలోని మాంట్ బ్లాంక్ ఐరోపాలో మొదటిదగును. శిఖరములు కదలలేదు. గీత కదలినది, జవాబు మారినది.

ఇక టర్కీ సంగతి. ఆ దేశపు వైశాల్యములో సుమారు నూటికి 3 వంతులు బాస్ఫరసునకు పడమట, ఐరోపాలో నున్నవి. తక్కినదంతయు ఆసియాలో నున్నది. రాజధాని అంకారా ఆసియాలోనిది. ఇస్తాంబుల్ మహానగరము మాత్రము జలసంధికి ఇరువైపుల వ్యాపించియున్నది. 1973లో దానిపై తొలి వంతెన కట్టినది మొదలు, ఒక ఖండములో నిద్రలేచి ఇంకొక ఖండములో పనికి పోవుట అచ్చటివారికి నిత్యకృత్యమైనది. ఐక్యరాజ్యసమితి గణాంకశాఖ తన పట్టీలో టర్కీని పశ్చిమాసియాలో చేర్చినది. ఐరోపా రాజ్యములు 1987లో వేరొక విధముగా వ్యవహరించినవి. ఆ యేడు టర్కీ, మొరాకో దేశములు రెండును ఐరోపా సమాజములో చేరుటకు దరఖాస్తు పెట్టినవి. మొరాకో ఐరోపా దేశము కాదని త్రోసివేయబడెను. టర్కీ దరఖాస్తును ఆ కారణముచేత త్రోసివేయలేదు. 1999లో దానిని అభ్యర్థి దేశముగా అంగీకరించిరి కూడ. చేర్చుకొనుట మాత్రము నేటివరకు జరుగలేదు, అది వేరు కథ.

కాబట్టి భూమిని చూచి చెప్పిన మన బాలుని జవాబు ఒప్పు. పోటీవారి జవాబు ఐక్యరాజ్యసమితి పట్టీ ప్రకారము ఒప్పు. ఏ కొలబద్దతో కొలువవలెనో చెప్పక ప్రశ్న వేయుటయే అచ్చటి లోపము. ఆ పట్టీ గణాంకముల సౌకర్యము కొరకే గాని, ఏ దేశము ఎవరిదని తీర్పు చెప్పుటకు గాదని సమితివారే స్పష్టము చేసియున్నారు. ఆ పట్టీలోనే సైప్రస్ పశ్చిమాసియాలో నున్నది, 2004 నుండి ఐరోపా సమాఖ్యలోను సభ్యత్వము వహించుచున్నది. రష్యా తూర్పు ఐరోపాలో నున్నది, దాని నేలలో ముప్పాతిక పాలు ఆసియాలో నున్నది. బంతియాట సంఘముల పట్టీలు మరొక రకము. కజకస్థాన్ 2002 నుండి ఐరోపా జట్లతోను, ఆస్ట్రేలియా 2006 నుండి ఆసియా జట్లతోను ఆడుచున్నవి.

భూగర్భశాస్త్రజ్ఞుల కొలబద్ద పట్టుకొన్నచో మనకే దిగ్భ్రమ కలుగును. భూమి పైపొర పెద్ద ఫలకములుగా నున్నదనియు, భారత ఫలకము దక్షిణమునుండి జరిగి వచ్చి సుమారు 5 కోట్ల యేండ్లకు పూర్వము ఆసియాను ఢీకొనగా హిమాలయములు లేచినవనియు వారు చెప్పుచున్నారు. ఆ లెక్కన పేర్ణాంబట్టు కాలిక్రింది రాయి ఆసియాది గాదు. అయినను మనము ఆసియావారము కామని ఎవరును అనుటలేదు గదా!

ఇదంతయు విని ఆ తండ్రి లేచి వెళ్ళబోవుచు ఇంకొక మాట అనెను. “వాడికి ఈ తికమక ఇంట్లోనే పుట్టిందయ్యా. వి.కోటలో మా బావమరిది ఊళ్ళో వాణ్ణి అరవపిల్లోడంటారు. ఇక్కడ తోటి పిల్లలు ఆంధ్రా పిల్లోడంటారు. అందుకే వాడు ఏదడిగినా రెండూ అంటాడు.”

మేము ఈ వ్యాసము వ్రాయుటకు నిజమైన కారణము ఆ మాటయే. టర్కీ మనకు దూరము. వెంకటగిరికోటకు మన ఊరినుండి ఘాటుదారి యెక్కిన చాలును.

1911 వరకు చిత్తూరు, పలమనేరు, గుడియాత్తం, వేలూరు అన్నియు ఉత్తర ఆర్కాడు అను ఒకే జిల్లాలోనివి. జిల్లాకు ముఖ్యపట్టణము చిత్తూరే. వేలూరువారైనను కలెక్టరు కచ్చేరీ పనికి చిత్తూరు పోవలసియుండెను. ఆ సంవత్సరము ఏప్రిలు 1వ తేదీన చిత్తూరు జిల్లా వేరుపడెను, వేలూరు ఉత్తర ఆర్కాడునకు ముఖ్యపట్టణమాయెను. ఇరుప్రక్కలును మద్రాసు రాజధానిలోనివే యగుటచే ఆ గీత కచ్చేరీలకు తప్ప కాపురములకు అడ్డురాలేదు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడినప్పుడు చిత్తూరు జిల్లా మొత్తముగా అందు చేరెను. ఉత్తర ఆర్కాడు మద్రాసులో నిలిచెను. కచ్చేరీల గీత రాష్ట్రముల గీతగా మారిపోయెను. ఇచ్చట కొలబద్ద జిల్లా. బళ్ళారిలో అట్లు చేయలేదు. అచ్చట తాలూకాను కొలబద్దగా పట్టి ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలను ఆంధ్రకును, తక్కినవానిని మైసూరునకును ఇచ్చిరి.

జిల్లా లెక్క తమిళులకు సమ్మతము కాలేదు. తిరుత్తణి కొరకు మ.పొ. శివజ్ఞానము మొదలగువారు ఆందోళన చేసిరి. తెలుగువారికి తమ వాదములు తమకుండెను. తుదకు హరి వినాయక్ పాటస్కర్ మధ్యవర్తిగా నియమితులైరి. గ్రామమును కొలబద్దగా తీసికొనవలెను. 1951 జనాభా లెక్కలలో అధికసంఖ్యాకుల భాష ఏదో చూడవలెను. ఆ గ్రామము ఆ రాష్ట్రపు నేలతో కలిసియుండవలెను. పాటస్కర్ సూత్రమని ప్రసిద్ధికెక్కినది ఇదియే. దాని ననుసరించి 1959లో పార్లమెంటు చట్టము చేసినది. 1960 ఏప్రిలు 1న తిరుత్తణి ప్రాంతము మద్రాసునకు, చెంగల్పట్టు, సేలం జిల్లాలలోని కొన్ని గ్రామములు ఆంధ్రప్రదేశమునకు మారినవి. సత్యవేడు అట్లు ఆంధ్రలో చేరినదే.

సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు 1888లో తిరుత్తణిలో జన్మించిరి. అప్పుడది ఉత్తర ఆర్కాడు. 1911లో చిత్తూరు జిల్లా. 1953లో ఆంధ్రరాష్ట్రము. 1956లో ఆంధ్రప్రదేశము. 1960లో, వారు ఉపరాష్ట్రపతిగా నున్నప్పుడే, మద్రాసు రాష్ట్రము. 1969లో ఆ రాష్ట్రము పేరే తమిళనాడుగా మారెను. వేలూరు ఊరీస్ కళాశాలలో చదువుకొన్న ఆ తెలుగు బిడ్డ ఏ రాష్ట్రమువాడని పోటీలో ప్రశ్న వచ్చిన, పట్టీ చేతబట్టుకొన్న నిర్ణేతలు ఏ జవాబునకు మార్కు వేయుదురో!

గ్రామమును కొలబద్దగా తీసికొనుట జిల్లా లెక్కకంటె న్యాయమైనదే యని మా అభిప్రాయము. అయినను నూరిండ్ల గ్రామములో అరువది ఇండ్లవారిది ఒక భాష, నలువది ఇండ్లవారిది ఇంకొక భాష అయినచో గీత ఆ అరువది ఇండ్లనే చూచును. నలుదిక్కుల వేరొక భాష గలిగి ద్వీపమువలె నున్న గ్రామము, తన భాష ఏదైనను, చుట్టునున్న రాష్ట్రముతోనే పోవలెను. ఎంత సన్నని కలముతో గీసినను ఇరువైపుల కొందరు మిగిలిపోవుదురు. రాజ్యాంగమును వ్రాసినవారికి ఈ సంగతి తెలియకపోలేదు. అల్పసంఖ్యాక భాషలవారు తమ విద్యాలయములను తామే నడుపుకొనవచ్చునని 30వ అధికరణము చెప్పుచున్నది. రాష్ట్రముల పునర్విభజన జరిగిన 1956లోనే, అట్టివారి పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో లభించునట్లు తగిన సౌకర్యములు కల్పింప యత్నింపవలెనని 350-ఏ అధికరణమును చేర్చిరి. మన పాఠశాల యిచ్చట నిలిచియుండుటకు ఆధారము ఆ రెండు అధికరణములే.

నేల మాత్రము ఈ గీతలను ఎరుగదు. పాలారు కర్ణాటకలో పుట్టి అచ్చట 93 కిలోమీటర్లు, ఆంధ్రలో 33, మన రాష్ట్రములో 222 కిలోమీటర్లు ప్రవహించుచున్నది (ప్రవాహము చూచి ఎన్నాళ్ళైనదని అడుగవలదు). కౌండిన్య అభయారణ్యపు ఏనుగులు పలమనేరు వైపునుండి మన కొండచరియలలోని తోటలకు వచ్చి పోవుచుండుట రైతులకు తెలిసిన బాధయే.

ఇక తలిదండ్రులకు మా విన్నపములు. పరీక్షలో ఇట్టి ప్రశ్న వచ్చినచో పాఠ్యపుస్తకములో నున్న జవాబునే మొదటి వాక్యముగా వ్రాయుమని పిల్లలకు చెప్పుడు. మార్కు దిద్దువారు దానినే చూచెదరు. చోటున్నచో, ఏ కొలబద్ద ప్రకారమో రెండవ వాక్యములో వ్రాయవచ్చును. నీవెవరవని అడిగినవారికి మాత్రము “రెండూ” అని తడబడవలసిన పని లేదు. రాష్ట్రము తమిళనాడు, మాతృభాష తెలుగు. అవి రెండు వేర్వేరు ప్రశ్నలకు రెండు జవాబులు. ఒకటి చెప్పినందువలన ఇంకొకటి అబద్ధము కాదు.

ప్రవేశ దరఖాస్తులో మాతృభాష అను గడి కలదు. తొందరలోనో, పిల్లవానికి మేలగునన్న తలంపుతోనో కొందరు అందు వేరొక భాష వ్రాయుచున్నారు. జనాభా లెక్కలవారు వచ్చినప్పుడును ఇట్లే జరుగుచున్నది. ఆ లెక్కలలో మాతృభాషయనగా బాల్యమున తల్లి బిడ్డతో మాటలాడిన భాష. తెలిసిన ఇతర భాషలు రెండింటికి వేరుగా గడులున్నవి. తమిళమును అచ్చట నిస్సంకోచముగా వ్రాయవచ్చును. 1951లో ఎవరో ఆ గడిలో నింపిన మాటలనుబట్టియే తొమ్మిదేండ్లకు ఊళ్ళు ఈ రాష్ట్రమునుండి ఆ రాష్ట్రమునకు మారినవన్న సంగతి మరువవలదు.

ఆ బాలుడిప్పుడు తొమ్మిదవ తరగతి. మన భూగోళ ప్రదర్శనమునకు తిరుత్తణి పటములను, 1911కు ముందటిది మొదలు నేటి తిరువళ్ళూరు జిల్లా వరకు, వరుసగా గీయుచున్నాడు. పాత ఉత్తర ఆర్కాడు జిల్లా పటము ఎవరి యింటనైన నున్నచో రెండు దినములకు ఎరువిచ్చినచో చిరుగకుండ తిరిగి యిచ్చెదము.