'ఆసక్తి రేటు' అంటే ఎంత వడ్డీ?

మా గల్లీల ఉండే ఒక అక్క మొన్న లోన్ కాయితం పట్టుకొని వచ్చింది. "తమ్మీ, తెలుగులనే ఉంది గని సమజైతలేదు, జర చదువు" అన్నది. చదివిన. 'ఆసక్తి రేటు' అని ఉంది. 'అప్రమేయం సంభవించిన పక్షంలో' అని ఉంది. ఇంగ్లీషు కాపీ చూస్తే అసలు సంగతి తెలిసింది. ఇంట్రెస్ట్ అంటే వడ్డీ అని రాయాల్సిన కాడ 'ఆసక్తి' అని రాసిండ్రు. డిఫాల్ట్ అంటే కిస్తీ కట్టకపోవుడు. దానికి కంప్యూటర్ సెట్టింగులల్ల వాడే 'అప్రమేయం' తెచ్చి అతికిచ్చిండ్రు. అక్క అప్పటికే సంతకం పెట్టింది.

అందరు అనువాదం చేసినోన్ని తిడ్తరు. నేను గూడ గా పని కొంత చేసిన, అందుకే చెప్తున్న: సగం తప్పు ఇంగ్లీషు కాయితంలనే ఉంటది. కంపెనీలు దాన్ని తయారు చెయ్యకుండనే అనువాదానికి పంపుతయ్.

తయారు చేసుడు అంటే ఏంది? మొదలు, వాక్యాలు చిన్నగ రాయాలె. తెలుగే కాదు, తమిళం, హిందీ, జపనీసుల గూడ క్రియ ఆఖరుకు వస్తది. ఇంగ్లీషుల ఐదు లైన్ల వాక్యం రాస్తే, కట్టాల్నా వద్దా అనేది మనకు ఐదో లైన్ల తెలుస్తది. రెండోది, ముఖ్యమైన మాటలకు పట్టిక పెట్టుకోవాలె: వడ్డీ, అసలు, కిస్తీ, జమానతు. కాయితంల, యాప్‌ల, ఎస్సెమ్మెస్‌ల అదే మాట ఉండాలె. మూడోది, తారీఖు. 05/06 అంటే జూన్ 5నా, మే 6నా? నెల పేరు రాస్తే కిస్తీ తప్పదు. 100,000 కాదు, 1,00,000 అని రాయాలె.

వెబ్‌సైట్ల ఇంకో తిప్పలుంది. పేరు ఒక కాడికెళ్లి, 'కు' ఒక కాడికెళ్లి తెచ్చి అతికిస్తరు. 'లక్ష్మి కు' అని పడ్తది. తెలుగుల 'రాజుకు' అంటం, 'లక్ష్మికి' అంటం. అందుకే ముక్కలు కాదు, పూర్తి వాక్యం ఇయ్యాలె. బటన్ మీద ఉండే మాట అయితే ఏ బటనో చెప్పాలె. అక్షరాలను బొమ్మల పెట్టొద్దు, యూనికోడ్‌ల పెట్టాలె. వత్తులు తెగకుండ లైన్ల నడుమ జాగ ఇడవాలె.

ఇది ఎవలో దయతోని చేసే పని కాదు. ఆర్‌బీఐ 2024 ఏప్రిల్‌ల రూలు వెట్టింది. రిటైల్ లోన్లకు, చిన్న పరిశ్రమల టర్మ్ లోన్లకు వడ్డీ, చార్జీల వివరాల పత్రం ఇయ్యాలె. అది అప్పు తీసుకునేటోళ్లకు అర్థమయ్యే భాషల ఉండాలె, విడమర్చి చెప్పాలె. 2024 అక్టోబర్ 1 నుంచి మంజూరైన కొత్త లోన్లకు అమలైంది. రూలు అడిగింది ఉత్త తెలుగు అక్షరాలను కాదు, అర్థమయ్యే భాషను.

కాయితం అచ్చుకు పోకముందు సంతకం పెట్టేటోళ్లల్ల ఒక్కరి ముంగట చదవున్రి. "నెలకు ఎంత కట్టాలె, కట్టకపోతే ఏమైతది?" అని అడుగున్రి. జవాబు రాకపోతే తప్పు వాళ్లది కాదు, కాయితానిది.