సరుగుడు తోటలో పొక్కు తెగులు

నెల్లూరు, ప్రకాశం, శ్రీకాకుళం తీరపు ఇసుక నేలల్లో సరుగుడు వేసినవారు ఈ సంగతి గమనించవలెను. ఏపుగా నిలిచిన చెట్టొకటి పండుబారి వాడితే "నీళ్లు చాలలేదు కాబోలు" అని ఊరుకోరాదు. దగ్గరకుపోయి మానును చూడండి. బెరడు పగిలి, పొక్కులు లేచి, గోటితో గీకితే మసివంటి నల్లని పొడి రాలుతున్నదా? అదే పొక్కు తెగులు. ఆ పొడి బూజు బీజాలు. గాలికి లేచి పక్క చెట్టుమీద పడతాయి.

అవి లోపలికి పోయే దారి గాయం. ఆ గాయం చాలావరకు మన చేతులు చేసేదే. వంటచెరకుకని పక్క కొమ్మలను చీల్చి లాగవద్దు. పదునైన కత్తితో, బెరడు చీలకుండా కోయండి. బెట్టకు వచ్చిన తోట తెగులుకు త్వరగా లొంగుతుంది, గనుక అప్పుడసలు కత్తి పెట్టవద్దు.

తెగులు సోకిన చెట్టును వేరుతోసహా తీసి అక్కడే కాల్చండి. వేళ్లు పక్క చెట్ల వేళ్లతో కలిసి ఉంటాయి, అందుచేత చుట్టూ కందకం తవ్వాలి. "వచ్చే ఏడు కోతకొస్తుంది, కాటాకు బరువు తగ్గుతుందే!" అంటారు. బాధే మరి. కాని ఆ ఒక్క చెట్టు కట్టెకోసం వరుసంతా ఒడ్డుతున్నామన్నమాట.

బెరడు తినే పురుగు సంగతి వేరు. మానుమీద రెట్ట, పొట్టు కలిపి అల్లిన గూడు కనిపిస్తే తుడిచివేసి, రంధ్రంలో కిరసనాయిలుతో తడిపిన దూది కుక్కి బంకమట్టితో మూయండి.

నారుమడికి వేరు బొడిపెలున్న పాతతోట మట్టి తేవడం మంచిదే. బొడిపెల్లోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని మొక్కకందిస్తాయి. తెగులు వచ్చిన తోట మట్టి మాత్రం తేవద్దు.